ఓడిపోయిన కంచు పలక: ఫ్లోరెన్సులోని బార్జెల్లో శిల్ప సంగ్రహాలయంపై చర్చ

బొలోన్యా విద్యార్థి

సభ్యులందరికీ నమస్కారం. నేను బొలోన్యాలో ఇంజనీరింగు మాస్టర్సు చదువుతున్నాను. ఇటలీకి వచ్చి పదిహేను నెలలైనా, నివాస అనుమతి పత్రం కోసం తిరగడం, ఉపకారవేతనం కాగితాలు, అద్దె గది వెతుకులాట వీటితోనే కాలమంతా గడిచిపోయి, వేగంగా నడిచే రైలులో నలభై నిమిషాల దూరంలో ఉన్న ఫ్లోరెన్సును పోయిన నెల మొదటి ఆదివారం గాని చూడలేకపోయాను. ఆ రోజు ప్రభుత్వ సంగ్రహాలయాలలో ప్రవేశం ఉచితం కావడం కూడా ఒక కారణమని దాచకుండా చెబుతున్నాను.

అందరూ వెళ్లే ఉఫీజీ, అకాడెమియా సంగ్రహాలయాల ముందు వరుసలు వీధి మలుపు దాటి ఉండటంతో నేను బార్జెల్లోకు వెళ్లాను. బయటి నుంచి చూస్తే అది కళలకు నెలవులా కాక కోటలా ఉంటుంది. 1255లో నగర పాలనాధికారి కోసం కట్టడం మొదలుపెట్టిన ఆ భవనం 16వ శతాబ్దంలో పోలీసు అధిపతి చేతికి వచ్చి చెరసాలగా మారింది. ఆ అధిపతిని బార్జెల్లో అనేవారు కనుక ఆ పేరే ఈనాటికీ నిలిచిపోయింది. ఇప్పుడు పర్యాటకులు కూర్చుని సేదతీరే ఆ లోపలి ముంగిలిలోనే, 1786లో పాలకుడు పియెత్రో లెయొపోల్దో మరణశిక్షను రద్దు చేసేదాకా, నేరస్థులను చంపేవారు. 1865లో గాని అది జాతీయ సంగ్రహాలయం కాలేదు.

నేను అడగదలచిన విషయం ఇది. మొదటి అంతస్తులో దొనాతెల్లో శిల్పాలున్న పెద్ద హాలులో, జనం దావీదు కంచు విగ్రహం చుట్టూ మూగి ఉండగా, గోడపక్కన రెండు చిన్న కంచు పలకలు కనిపించాయి. ఒక్కొక్కటి మోచేతి పొడవు కూడా ఉండదు. 1401లో బాప్తిస్మ మందిరపు తలుపుల పని ఎవరికి అప్పగించాలో తేల్చడానికి పెట్టిన పోటీలో లొరెంజో గిబెర్తి చేసినది ఒకటి, ఫిలిప్పో బ్రూనెల్లెస్కి చేసినది రెండోది. రెండింటిలోనూ ఇస్సాకు బలి కథే, చట్రం ఒకటే. గెలిచినవాడు గిబెర్తి. నేను ఆ రెండింటి ముందు దాదాపు గంటసేపు అటూ ఇటూ తిరిగాను గాని, ఓడిపోయిన పలకే నన్ను కదిలించింది. న్యాయనిర్ణేతలు దేనిని చూసి గిబెర్తి పలకను ఎంచుకున్నారో తెలిసినవారు చెప్పగలరా? నాకు కళాచరిత్ర తెలియదు. బైబిలు కథ కూడా అక్కడి ఫలకం చదివి తెలుసుకున్నదే.

గుంటూరు ఉపాధ్యాయిని

కథ సంగతి నేను చెబుతాను తమ్ముడూ, ఎందుకంటే చిన్నప్పుడు ఆదివారపు బడిలో ఇది మేము నాటకంగా కూడా వేశాము. ముసలితనంలో కలిగిన ఒక్కగానొక్క కొడుకు ఇస్సాకును దహనబలిగా అర్పించమని దేవుడు అబ్రాహామును ఆజ్ఞాపిస్తాడు. అబ్రాహాము గాడిదకు గంత కట్టి, ఇద్దరు పనివాళ్లను వెంటబెట్టుకుని, మోరీయా దేశానికి మూడు రోజులు ప్రయాణం చేస్తాడు. పనివాళ్లను గాడిదతోపాటు కింద ఉండమని చెప్పి, కట్టెలు కొడుకు భుజానికెత్తి కొండెక్కుతాడు. కత్తి ఎత్తిన క్షణంలో దేవదూత పిలిచి ఆపుతాడు, పొదలో కొమ్ములు చిక్కుకున్న పొట్టేలు బలి అవుతుంది. బక్రీదు వెనుక ఉన్న అబ్రాహాము త్యాగం కూడా ఇదే కనుక, మన ఊళ్లలో ముస్లిము ఇంటివారికీ ఈ కథ తెలిసినదే.

ఈ కథలో అసలు కష్టం ఎక్కడుందంటే, చిత్రించవలసిన క్షణం ఒక్కటే. కత్తి దిగకూడదు, ఆగినట్టు ముందే తెలిసిపోకూడదు. మీరు చూసిన రెండు పలకలలో ఆ క్షణాన్ని ఎవరు ఎలా పట్టుకున్నారో వివరంగా రాయండి. నెట్టులో వెతికి చూసిన ఫొటోలో నాకు అన్నీ ఒకే బంగారు రంగులో కలిసిపోయి కనిపిస్తున్నాయి.

బొలోన్యా విద్యార్థి

అక్కా, మీరు చెప్పిన తరువాత నాకు విషయం ఇంకా స్పష్టమైంది. బ్రూనెల్లెస్కి పలకలో అబ్రాహాము ఎడమచేత్తో కొడుకు మెడను, దవడను కలిపి పట్టుకుని వెనక్కు విరుస్తున్నాడు, కత్తి గొంతుకు ఆనుతోంది. గాలిలోంచి దూసుకువచ్చిన దేవదూత మాటతో కాక చేత్తోనే అబ్రాహాము మణికట్టును గట్టిగా పట్టుకుని ఆపుతున్నాడు. ఇస్సాకు ఒళ్లంతా మెలితిరిగి ఉంది. అదంతా జరుగుతున్నా ఏమీ పట్టనట్టు కింద మూలన కూర్చున్న పనివాడు తన కాలిలోని ముల్లు తీసుకుంటున్నాడు. నాకు అన్నిటికన్నా నచ్చినది ఆ పనివాడే. రోముకు చెందిన ఒక పాత శిల్పంలోని భంగిమను బ్రూనెల్లెస్కి ఇక్కడ వాడుకున్నాడట.

గిబెర్తి పలకలో అంతా నెమ్మది. ఇస్సాకు బలిపీఠం మీద మోకరిల్లి తలెత్తి చూస్తున్నాడు, అతని నగ్నమైన ఛాతీ పాత రోమను విగ్రహంలా నునుపుగా ఉంది. అబ్రాహాము ఒక చేతిని కొడుకు భుజం చుట్టూ వేసి, రెండో చేత్తో కత్తిని వెనక్కు లాగి పట్టుకున్నాడు, ఇంకా పొడవలేదు. దేవదూత పైనుంచి ఎదురుగా వస్తున్నాడు, ఎవరినీ తాకడం లేదు. ఏటవాలుగా నిలిచిన ఒక కొండ పలకను రెండుగా విడదీసి, పనివాళ్లను, గాడిదను ఒకవైపు, బలిని మరొకవైపు ఉంచుతుంది. చూడగానే అందమని ఒప్పుకోవాలి గాని, నా గుండె మాత్రం ఆ మణికట్టు పట్టు దగ్గరే ఆగిపోయింది.

పోతపని విశ్రాంత ఇంజనీరు, విశాఖ

నేను ముప్పై ఏళ్లు లోహపు పోత పనిలో ఉండి పదవీ విరమణ చేసినవాణ్ణి. కళ సంగతి పక్కన పెట్టి పోత సంగతి చెబుతాను, ఎందుకంటే ఆ న్యాయనిర్ణేతలలో లోహం విలువ తెలిసిన వర్తకులు ఉన్నారు. తలుపులు చేయించినది ఉన్ని బట్టల వ్యాపారులైన కాలిమాలా శ్రేణి.

గిబెర్తి పలక దాదాపుగా ఒకే పోతలో వచ్చింది. వెనుకవైపు బొమ్మలన్నీ బోలుగా ఉండేలా మైనపు నమూనాను పలుచగా చేసి, దాని మీద మట్టిమూస కట్టి, మైనం కరిగించి కంచు పోశాడు. ఇస్సాకు బొమ్మ వంటి కొద్ది భాగాలు మాత్రమే విడిగా పోసినవి. బ్రూనెల్లెస్కి మందమైన పలకను ముందు పోసి, బొమ్మలను విడివిడిగా పోసి, వాటిని దాని మీద బిగించాడు. ఫలితంగా గిబెర్తి పలక రెండోదాని కన్నా సుమారు ఏడు కిలోలు తేలిక. తలుపుకు ఇటువంటి పలకలు 28 కావాలి. ఏడును ఇరవై ఎనిమిదితో హెచ్చించి చూడండి, దాదాపు రెండు వందల కిలోల కంచు మిగులుతుంది; కంచు ఖరీదైన ఆ రోజుల్లో ఇది చిన్న లెక్క కాదు.

ఇంకొక మాట. పోసిన లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది. పలుచని చోటు ముందు గట్టిపడి, మందమైన చోటు ఆలస్యంగా గట్టిపడితే ఆ రెండింటి మధ్య లాగుడు పుట్టి పగుళ్లు వస్తాయి. పలక మొత్తాన్ని ఒకే పలుచదనంలో నిలబెట్టడమంటే పొదుపు ఒక్కటే కాదు, పోత మీద పట్టు ఉందని చూపించడం కూడా. ఆ పట్టు ఇరవై మూడేళ్ల కుర్రవాడికి ఉండటం నాకు ఈనాటికీ ఆశ్చర్యమే.

ఆదిలాబాదు వాసి

పెద్దలతో కొంచెం విభేదిస్తున్నాను. మా జిల్లాలో ఓజ్ కుటుంబాలవారు చేసే డోక్రా పనిని దగ్గరగా చూసినవాణ్ణి. మట్టి గుజ్జుతో లోపలి ముద్ద చేసి, దాని మీద మైనపు పోగులను చుట్టి, పైన మళ్లీ మట్టి పూసి, కాల్చి, మైనం పోయిన ఖాళీలో ఇత్తడి పోస్తారు. లోపల మట్టిముద్ద ఉండటం వల్ల బొమ్మ బోలుగా, తేలికగా వస్తుంది. సూత్రం గిబెర్తిదీ వారిదీ ఒకటే. అయితే ఒక పోతలో ఎక్కడైనా లోహం అందక ఖాళీ మిగిలితే మొత్తం శ్రమ బూడిదే, ఎందుకంటే మైనపు నమూనా కరిగిపోయింది, మూస పగలగొట్టేశారు. మరి బ్రూనెల్లెస్కి విధానంలో ఒక్క బొమ్మ చెడితే దాన్ని మాత్రమే మళ్లీ పోసుకుంటే చాలు. 28 పలకల పనిలో నష్టభయం తక్కువగా ఉండేది అతని పద్ధతిలోనే కాదా?

పోతపని విశ్రాంత ఇంజనీరు, విశాఖ

మంచి ప్రశ్న వేశారు. కొత్తవాడికి పని అప్పగించవలసి వస్తే నేనూ మీ మాటే అంటాను. కానీ ఇక్కడ ఒకే పోతలో తప్పు లేకుండా తీసిన పలక చేతిలో పెట్టుకుని ఆ మనిషి ఎదురుగా నిలబడి ఉన్నాడు. వాడు చేయగలడా అన్న అనుమానానికి చోటు లేదు. మరొక తేడా కూడా ఉంది: అతికించిన బొమ్మలకు అతుకులు ఉంటాయి, ఆరుబయట ఎండకూ వానకూ రోజూ తెరిచి మూసే తలుపు మీద అతుకులు కాలక్రమాన వదులవుతాయి. తలుపుకు గిబెర్తి పద్ధతే నయం. సంగ్రహాలయంలో గోడకు పెట్టడానికైతే మీ ఇష్టం.

పీసా పరిశోధకురాలు

నేను పీసాలో చరిత్ర చదువుతున్నాను, బార్జెల్లోకు నాలుగైదుసార్లు వెళ్లాను. పోత వివరాలు చాలా ఉపయోగపడ్డాయి, అయితే తీర్పు ఎలా జరిగిందన్న విషయంలో మనకు రెండు వేర్వేరు కథనాలు ఉన్నాయని అందరూ గమనించాలి. గిబెర్తి ముసలితనంలో రాసుకున్న వ్యాఖ్యలలో, 34 మంది న్యాయనిర్ణేతలు ఏకగ్రీవంగా తననే ఎంచుకున్నారని చెప్పుకున్నాడు. బ్రూనెల్లెస్కి జీవితచరిత్ర రాసిన అంతోనియో మనెత్తి మాత్రం, ఇద్దరూ కలిసి పని చేయమని పెద్దలు కోరితే బ్రూనెల్లెస్కి ఒప్పుకోలేదని రాశాడు. మొదటిది గెలిచినవాడి మాట, రెండోది ఓడినవాడి అభిమాని మాట. ఊరి పంచాయితీ తీర్పు గురించి ఇరుపక్షాల బంధువులు చెప్పినట్టే ఉంటుంది ఇది. నేను రెండింటినీ పూర్తిగా నమ్మను గాని, రెండు పలకలూ చెక్కుచెదరకుండా మిగలడం, మిగిలిన పోటీదారుల పలకలలో ఒక్కటీ మిగలకపోవడం చూస్తే, ఆ ఇద్దరి మధ్యనే గట్టి పోటీ నడిచిందన్నంతవరకు నమ్మవచ్చు. సియెనాకు చెందిన యాకోపో దెల్లా క్వెర్చా వంటి దిట్ట కూడా ఆ పోటీలో ఉన్నాడు.

ఓటమి తరువాత బ్రూనెల్లెస్కి రోముకు వెళ్లి పాత కట్టడాలను కొలిచి చూశాడని, క్రమంగా శిల్పాన్ని వదిలి వాస్తు వైపు మళ్లాడని చెబుతారు. ఫ్లోరెన్సు ప్రధాన దేవాలయం మీద నేడు మనం చూసే ఎర్రటి గుమ్మటం 1420లో మొదలై 1436లో పూర్తయినది అతని చేతి పనే. గిబెర్తి మాత్రం ఆ మొదటి తలుపుల మీదే 1403 నుంచి 1424 వరకు పని చేశాడు. చివరికి తలుపుల మీద కొత్త నిబంధన కథలు పెట్టాలని నిర్ణయం మారడంతో, పోటీలో గెలిచిన ఇస్సాకు పలక ఏ తలుపుకూ ఎక్కలేదు. గెలిచినదీ ఓడినదీ చివరికి ఒకే గోడ దగ్గరకు చేరాయి.

హైదరాబాదు శిల్పాభిమాని

ఈ చర్చ చదువుతుంటే నాకు మా సాలార్‌జంగ్ మ్యూజియంలోని ముసుగు రెబెకా గుర్తుకు వచ్చింది. పాలరాతిలో తడి వస్త్రం ముఖానికి అంటుకున్నట్టు చెక్కిన ఆ విగ్రహం కూడా ఇటలీ శిల్పి పనే కదా. బార్జెల్లోలో అటువంటి పని ఏదైనా ఉందా? ఇంకొక ప్రశ్న: దావీదు అంటే అందరూ చూపించే ఆ పెద్ద పాలరాతి విగ్రహం అక్కడే ఉందా?

పీసా పరిశోధకురాలు

ముసుగు రెబెకాను చెక్కిన జొవాన్ని మరీయా బెంజోనీ 19వ శతాబ్దం వాడు. సాలార్‌జంగ్ దానిని 1876లో కొన్నారు. అంటే మనం మాట్లాడుకుంటున్న శిల్పులకు అతనికి మధ్య నాలుగు వందల ఏళ్లకు పైగా ఎడం ఉంది. రాయిని బట్టలా భ్రమింపజేయడం దొనాతెల్లోకు ప్రధానమైన పని కాదు. అతను చెక్కిన సెయింట్ జార్జి విగ్రహం కింద ఉన్న ఉబ్బెత్తు పలకను చూడండి, అందులో రాతి లోతు కొద్ది మిల్లీమీటర్లే ఉన్నా గుహ, చెట్లు, వరండా దూరంగా వెళ్తున్నట్టు కనిపిస్తాయి. పక్కనుంచి చూస్తే దాదాపు చదునైన రాయి. నాకు అది ముసుగుకన్నా పెద్ద వింత.

మీరనే పెద్ద దావీదు మైఖెలాంజెలోది, అయిదు మీటర్లకు పైగా ఎత్తు ఉంటుంది, అది అకాడెమియాలో ఉంది. బార్జెల్లోలో దావీదులు వేరే ఉన్నారు: దొనాతెల్లో యువకుడిగా చెక్కిన పాలరాతి దావీదు, తరువాత పోసిన కంచు దావీదు, లియొనార్దోకు గురువైన వెరోక్కియో పోసిన కంచు దావీదు. మైఖెలాంజెలోవి కింది అంతస్తులో ఉన్నాయి. వాటిలో మద్యదేవత బాకస్ విగ్రహాన్ని చేయించిన కార్డినల్ తన దగ్గర ఉంచుకోలేదు, అది యాకోపో గల్లి అనే బ్యాంకరు తోటకు చేరింది. ఓడిపోయిన వాటి గురించి మాట్లాడుతున్నాం కనుక ఇది కూడా చెప్పాను. తూలుతున్న ఆ విగ్రహాన్ని ముందునుంచి మాత్రమే చూసి వెళ్లకండి, వెనుక ఒక మేకకాళ్ల పిల్లవాడు దొంగతనంగా ద్రాక్షలు తింటుంటాడు.

గుంటూరు ఉపాధ్యాయిని

దావీదు ప్రస్తావన వచ్చింది కనుక ఒక సందేహం. మా నాన్న జొన్నచేలో పిట్టలను తోలడానికి వాడిన వడిసెల లాంటిదే దావీదు చేతిలో ఉండేదని మా ఆదివారపు బడి పంతులు చెప్పేవారు. ఈ ఇటలీ దావీదులలో వడిసెల కనిపిస్తుందా, లేక అందరూ కత్తి మీదే మనసు పెట్టారా?

బొలోన్యా విద్యార్థి

అక్కా, నేను చూసినంతవరకు దొనాతెల్లో పాలరాతి దావీదు పాదాల దగ్గర అతను చంపిన గొల్యాతు తల ఉంది, నుదుట రాయి దిగబడి ఉంది, ఆ తల మీదే వడిసెల పడి ఉంది. కంచు దావీదు చేతిలో పెద్ద కత్తి, మరో చేతిలో రాయి, వడిసెల లేదు. ఒంటి మీద ఆకుల దండ చుట్టిన టోపీ, కాళ్లకు జోళ్లు తప్ప మరేమీ లేని ఆ పిల్లవాడిని చూసి, పక్కన ఉన్న తమిళ మిత్రుడూ నేనూ మొదట మాటలు రాక ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. పాత రోమనుల కాలం తరువాత చుట్టూ తిరిగి చూడగలిగేలా విడిగా నిలబెట్టి పోసిన మొదటి నగ్న కంచు విగ్రహం అదేనని తరువాత చదివాను.

లండన్ తెలుగువాడు

ఫ్లోరెన్సుకు వెళ్లే స్తోమత లేని విద్యార్థులకు ఒక మాట. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో పోతబొమ్మల శాలలు 1873 నుంచి ఉన్నాయి, శాశ్వత ప్రదర్శనకు ప్రవేశ రుసుము లేదు. మైఖెలాంజెలో దావీదుకు నిండు పరిమాణపు ప్లాస్టరు నకలు, గిబెర్తి రెండో తలుపుల నకలు అక్కడ ఉన్నాయి. రాచకుటుంబపు స్త్రీలు వచ్చినప్పుడు దావీదుకు తగిలించడానికి చేయించిన ప్లాస్టరు అంజూరపు ఆకును కూడా పక్కనే పెట్టారు, మీ తమిళ మిత్రునికి చెప్పండి. నకళ్లే కాదు, దొనాతెల్లో అసలు పనులు కూడా కొన్ని అక్కడ ఉన్నాయి.

అయితే నేను నకలు చూసిన ఏడాదికి అసలును చూశాను గనుక తేడా చెప్పగలను. ప్లాస్టరు వెలుగును పీల్చుకుంటుంది, పాలరాయి కొంత లోనికి రానిచ్చి తిరిగి ఇస్తుంది. కంచు విషయంలో తేడా మరీ ఎక్కువ. విద్యార్థి గారు ఫొటోలో కాక ఎదురుగా చూసినందుకే ఆ మణికట్టు వారిని పట్టుకుంది.

ఆదిలాబాదు వాసి

టికెట్టు సంగతి కూడా ఎవరైనా రాయండి. మా చెల్లెలు వచ్చే ఏడాది మిలాను వెళుతోంది.

పీసా పరిశోధకురాలు

ఐరోపా సమాఖ్య పౌరులలో 18 నుంచి 25 ఏళ్లవారికి ప్రభుత్వ సంగ్రహాలయాలలో టికెట్టు 2 యూరోలే. మన పాస్‌పోర్టు ఉన్న విద్యార్థులకు వయసు చూపితే ఆ రాయితీ రాదు, దీని మీద కిటికీ దగ్గర వాదించి లాభం లేదు. 18 నిండని వారికి ఏ దేశంవారైనా ఉచితం. మిగిలినవారు ఉచితంగా చూడాలంటే నెల మొదటి ఆదివారం ఉంది, అయితే ఆ రోజు తలుపులు తెరిచేసరికి అక్కడ ఉండాలి. బార్జెల్లో కొన్ని రోజులు మూసి ఉంటుంది కనుక బయలుదేరే ముందు అధికారిక వెబ్‌సైటు చూసుకోమనండి.

బొలోన్యా విద్యార్థి

అందరికీ కృతజ్ఞతలు. మీ మాటలు చదివిన తరువాత ఈ ఆదివారం మళ్లీ వెళ్లి వచ్చాను. ఈసారి ఇంజనీరు గారు చెప్పినట్టు అతుకుల కోసం వెతికాను. బ్రూనెల్లెస్కి పలకలో బొమ్మలు నేలమీద విడివిడిగా నిలబెట్టినట్టు ఉన్నాయి, ఒక్కొక్కటీ తన చట్రం దాటి బయటికి పొడుచుకువస్తోంది. గిబెర్తి పలకలో కొండలోంచే మనుషులు పుట్టుకొచ్చినట్టు ఉంది. ఇవాళ ఆ తలుపులు చేయించే డబ్బు నాదైతే గిబెర్తికే ఇస్తానని ఒప్పుకుంటున్నాను. ఇంట్లో పెట్టుకోవడానికి ఒక్కటి తీసుకోమంటే మాత్రం ముల్లు తీసుకునే పనివాడు ఉన్నదే తెచ్చుకుంటాను.

ఈసారి రోజంతా ఆ హాలులోనే గడిచిపోవడంతో కింద ఉన్న బాకస్ దగ్గరకు వెళ్లేసరికి మూసే వేళ అయిందని కాపలాదారు బయటికి పంపేశారు. మేకకాళ్ల పిల్లవాడిని ఇంకా చూడలేదు. పై నెల వెళ్లేవారు ఎవరైనా బొలోన్యా మీదుగా వస్తుంటే ఇక్కడ రాయండి, కలిసి వెళదాము.